ముక్కు పైకి పోదు, వెనక్కి పోతుంది

(బరంపురంలో తెలుగు కుటుంబాల ఆదివారం కలయికలో ఒక ముక్కు, చెవి, గొంతు వైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించండి బాబూ, నా మాట నాకే రెండుసార్లు వినిపిస్తోంది. ఆఁ, ఇప్పుడు చాలు.

"సైనస్ గురించి చెప్పండి డాక్టరుగారూ, మా వీధిలో ఇంటికొకరు దాని పేరు చెప్పి తల పట్టుకు కూర్చుంటున్నారు" అని నన్ను పిలిచారు. తప్పకుండా చెప్తాను. అయితే సైనస్‌ల దగ్గరికి ముక్కులోంచే వెళ్లాలి. ముక్కు దారి ఎటు పోతుందని అడిగితే మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది వేలు పైకి చూపిస్తారు. రెండు రంధ్రాలూ నుదుటి వైపు ఎక్కి, అక్కడెక్కడో మెదడులో తేలతాయని వాళ్ల లెక్క. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన రైతూ అదే చూపిస్తాడు, ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరూ అదే చూపిస్తాడు. బయట ముక్కు నిలువుగా ఉంది కాబట్టి లోపలి దారి కూడా నిలువే అనుకోవడంలో వింత లేదు. కాని ముక్కులో కొట్టుకునే మందు పనిచెయ్యకపోవడానికీ, నెత్తురు కారితే ఆగకపోవడానికీ, ఆపరేషన్ అనగానే హడలిపోవడానికీ సగం కారణం ఈ ఊహే. ఇవాళ దాన్ని మీ బుర్రల్లోంచి తీసేస్తే నా పని అయినట్టే.

మాటలతో కాదు, మీ నాలుకతోనే చూపిస్తాను. నోరు మూసుకుని నాలుక కొనని పై పళ్ల వెనక ఆనించండి. అందరూ. వెనక వరసలో పెద్దాయన, మీరు కూడా. ఇప్పుడు నాలుకని మెల్లగా వెనక్కి జరపండి. గట్టిగా తగులుతోంది కదా? ఇంకొంచెం వెనక్కి... మెత్తబడింది. గట్టిగా ఉన్నంత మేరా లోపల ఎముక ఉంది. మెత్తబడ్డ చోటునుంచి కండ. ఆ కండ చివర వేలాడేది కొండనాలుక. ఈ మొత్తాన్నీ అంగిలి అంటాం. మీ నాలుకకి ఇందాక గట్టిగా తగిలిందే, సరిగ్గా దానికి పైన, పలచటి ఎముక అవతల, మీ ముక్కు నేల ఉంది. నోటికి పైకప్పు ఏదో ముక్కుకి నేల అదే. కాబట్టి ముక్కు దారి అంగిలి పొడుగునా వెనక్కి పోయి, కొండనాలుక వెనక గొంతులోకి దిగుతుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే కోవిడ్ రోజులు గుర్తు చేసుకోండి. పరీక్షకని ముక్కులో పుల్ల పెట్టారు కదా. అది పైకి పోయిందా? నుదుట్లో ఎక్కడా తగల్లేదు. తిన్నగా వెనక్కి పోయి, దాదాపు చెవి సూటిన ఎక్కడో లోపల తగిలి, కళ్లల్లో నీళ్లు తెప్పించింది. అక్కడితో ముక్కు అయిపోయింది, గొంతు మొదలైంది.

(సభలోంచి ఒకరు: "మెదడు దాకా పెట్టేశారనుకున్నామండీ!" నవ్వులు.)

అందరూ అదే అనుకున్నారు. మెదడు వైపు పోయే దారి ఒకటి ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను. అది నేల మీద లేదు, పైకప్పులో ఉంది.

ముందు స్ప్రే సంగతి. అలర్జీకి మందు రాసిస్తాం. ఇంటికెళ్లి తల వెనక్కి వాల్చి, సీసాని నడినెత్తికి గురిపెట్టి రెండు కొట్లు కొడతారు. మందు దూలానికి కొంత తగిలి, మిగతాది గొంతులోకి జారుతుంది. నాలుగు రోజులయ్యాక "చేదుగా గొంతులోకి వస్తోంది, ముక్కులోంచి నెత్తురు చారలు పడుతున్నాయి" అని మళ్లీ వస్తారు. తల కాస్త ముందుకి వంచండి. కుడి ముక్కుకి ఎడం చెయ్యి, ఎడం ముక్కుకి కుడి చెయ్యి వాడండి. అలా పట్టుకుంటే సీసా మూతి దానంతటదే బయటివైపుకి, అదే వైపు చెవి మీదికి తిరుగుతుంది. మందు చేరాల్సింది ఆ గోడకి. అందరూ మధ్య గోడకే కొడుతున్నారు.

ఆ మధ్య గోడే ముక్కుదూలం. ముందు సగం మృదులాస్థి, వెనక సగం ఎముక. "నా దూలం వంకరగా ఉందని స్కాన్‌లో రాశారు, ఆపరేషన్ చెయ్యాలా?" అని కాగితం పట్టుకుని వస్తారు. నిట్టనిలువుగా ఉన్న దూలం చూడాలంటే చాలామందిని వెతకాలి. ఎంతో కొంత వంకర మనందరికీ ఉంది. గాలి ఆడనిస్తున్నంతకాలం స్కాన్‌లో ఏం రాసినా దాని జోలికి పోనక్కర్లేదు.

దూలం ముందు భాగంలో, చిటికెనవేలు గోరు తగిలే చోట, అయిదు రక్తనాళాల కొసలు వచ్చి కలుస్తాయి. పైన చర్మం చాలా పలచన. ఈ చోటుని 1879లో లిటిల్ అనే అమెరికన్ సర్జన్ గుర్తించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరు మీదే చెప్పుకుంటాం. పిల్లలకీ పడుచువాళ్లకీ ముక్కులోంచి నెత్తురు కారిందంటే దాదాపు ఎప్పుడూ ఇక్కణ్నించే. మన ఇళ్లల్లో ఏం చేస్తారు? "వేడి చేసింది" అని పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెడతారు, నెత్తి మీద నీళ్లు పోస్తారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. పడుకోబెట్టగానే కారడం ఆగినట్టు కనిపిస్తుంది. ఆగలేదు, దారి వెనక్కే కదా, గొంతులోకి పోతోంది. కాసేపటికి పిల్లాడు నల్లటి నెత్తురు కక్కుతాడు, అప్పుడు ఇల్లంతా గొల్లుమంటుంది. కూర్చోబెట్టండి, ముందుకి వంచండి. ముక్కు కింది మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోండి. పైన ఎముక దగ్గర నొక్కితే ఏ నాళమూ మూతపడదు. గడియారం చూసి 10 నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. మధ్యలో "ఆగిందా" అని తెరిచి చూడకూడదు. నోట్లోకి వచ్చింది ఉమ్మెయ్యమనండి. పెద్దవయసువాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లకి కారితే మాత్రం వెనకవైపు నాళం కావచ్చు. నొక్కుతూనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇప్పుడు పక్క గోడకి వద్దాం. నున్నటి గోడ కాదది. పైనుంచి కిందికి మూడు మెత్తటి గట్లు పొడుచుకొచ్చి, కిందివైపుకి చుట్టుకుని ఉంటాయి. మేం టర్బినేట్లు అంటాం. కిందిది అన్నిటికన్నా పెద్దది. లోపల ఎముక, పైన రక్తంతో ఉబ్బే పొర. మనం రోజుకి ఇంచుమించు 10,000 లీటర్ల గాలి పీలుస్తాం. పుష్యమాసం చలిలో కోరాపుట్ ఘాట్ రోడ్డు మీద పీల్చినా, వైశాఖంలో ఇక్కడ రైల్వే స్టేషన్ బయట పీల్చినా, ఆ గాలి ఈ గట్ల మధ్యనుంచి ఒరుసుకుంటూ పోయి గొంతు చేరేసరికి వెచ్చబడి, తడిసి, ఊపిరితిత్తులకి పనికొచ్చేటట్టు తయారవుతుంది. ముక్కు పొడుగు నాలుగైదు అంగుళాలు కూడా లేదు. ఇంత పని అంత దూరంలో అయిపోతోంది.

ఈ గట్లు రెండువైపులా ఒకేసారి ఉబ్బవు. ఒకవైపు ఉబ్బి ఉన్నప్పుడు రెండోవైపు తగ్గి ఉంటుంది. కొన్ని గంటలకి తారుమారవుతుంది. 1895లో కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని కొలిచి రాశాడు. మన పెద్దవాళ్లకి ఇది ముందే తెలుసు. ప్రయాణం కట్టేముందు ఏ ముక్కు ఆడుతోందో ముక్కు కింద వేలు పెట్టి చూసుకునేవారు, సూర్యనాడి అని, చంద్రనాడి అని. శకునం మాట ఎలా ఉన్నా గమనించింది మాత్రం నిజం. "డాక్టరుగారూ, పొద్దున కుడివైపు బిగిసింది, సాయంత్రానికి ఎడమవైపు బిగిసింది, ఈ రోగం అటూ ఇటూ తిరుగుతోంది" అని భయపడేవాళ్లకి నేను మందు రాయను. అది రోగం కాదు.

దిబ్బడ తగ్గడానికి మెడికల్ షాపుల్లో చుక్కలు అమ్ముతారు. వేసుకున్న నిమిషానికి ముక్కు తెరుచుకుంటుంది, ప్రాణం లేచొస్తుంది. అయిదు రోజులు దాటి వాడకండి. తర్వాత ఆ చుక్క పడకపోతే గట్లు మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతాయి. తలగడ కింద ఆ సీసా లేందే నిద్రపట్టనివాళ్లు నా దగ్గరికి ఒడియావాళ్లలోంచీ, తెలుగువాళ్లలోంచీ సమానంగా వస్తుంటారు. ఈ విషయంలో భాషాభేదం లేదు.

ముక్కు లోపలంతా తడి పొర, దాని కింద కంటికి కనపడని నూగు. సెకనుకి పది పన్నెండుసార్లు ఆ నూగు ఒకే దిక్కుకి కొట్టుకుంటూ, దుమ్ము పట్టిన తడి పొరని నిమిషానికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున తోస్తుంది. ఏ దిక్కుకి? మళ్లీ వెనక్కే. గొంతులోకి. మనం తెలియకుండా మింగేస్తాం. "గొంతులోకి ఏదో జారుతోంది" అని బెంగపడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అందరికీ జారుతుంది. చిక్కబడితేనే మనకి తెలుస్తుంది.

దీనికి ఒక పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టం. యంత్రం అక్కర్లేదు. కింది గట్టు ముందు కొనకి సెంటీమీటరు వెనక, ఆవగింజలో సగం ఉండే శాకరిన్ పలుకు పెడతాం. మనిషిని కదలకుండా కూర్చోమంటాం. ఎగబీల్చకూడదు, తుమ్మకూడదు, ఏమీ తాగకూడదు. అలా కూర్చుని, పది పదిహేను నిమిషాలకి ఉన్నట్టుండి "తియ్యగా ఉందండీ" అంటాడు. నాలుక మీద ఏమీ పెట్టలేదు. ముక్కులో పెట్టిన పలుకు కరిగి, నూగు మీద ప్రయాణం చేసి గొంతు చేరింది. అరగంట దాటినా తీపి తెలియలేదంటే నూగు చచ్చుబడిందన్నమాట. బాగా పొగతాగేవాళ్లకి ఆలస్యమవుతుంది. చెయిన్ స్మోకర్లు చేతిగడియారం చూసుకుంటూ కూర్చుని ఉంటారు, పక్కన వాళ్ల భార్యలు నా మొహం చూస్తుంటారు.

ఇక్కడే ఒక మాట అమ్మమ్మలకి చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. పసిబిడ్డకి తలంటు పోశాక ముక్కులో నూనె చుక్కలు వేస్తారు, ఊదుతారు కూడా. మొదటి కొన్ని నెలలు పసిపిల్లలు ముఖ్యంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. మీరు వేసిన నూనె వెనక్కి జారి గొంతులోకి, అక్కణ్నించి ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే నిమోనియా అంత తేలిగ్గా లొంగదు. ఒంటికి ఎంత నూనె పట్టిస్తారో మీ ఇష్టం, ముక్కులో వద్దు.

సరే, సైనస్‌లు. ముఖం ఎముకల్లో గాలి ఉన్న గదులు ఇవి. బుగ్గల్లో చెరొకటి, కనుబొమ్మల పైన నుదుట్లో, రెండు కళ్ల మధ్య తేనెపట్టుగా చిన్న చిన్న అరలు, అన్నిటికన్నా వెనక, తల నడిబొడ్డున ఒక జత. ఈ హాల్లో ఉన్న పెద్దవాళ్లందరికీ ఇవి ఉన్నాయి. నుదుటి గది మాత్రం పుట్టినప్పుడు ఉండదు, బడికి పోయే వయసులో పెరుగుతుంది, కొందరికి ఒకవైపు అసలు రానే రాదు. కాబట్టి మూడేళ్ల పిల్లాడికి నుదురు నొప్పి వస్తే అది నుదుటి సైనస్ అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

బుగ్గలోని గదిని లియోనార్డో డావిన్చీ 1489లో పుర్రె కోసి బొమ్మ గీశాడు. 1651లో హైమోర్ అనే ఇంగ్లీషు వైద్యుడు వివరంగా రాశాడు. పెద్దవాళ్లలో అది 15 మిల్లీలీటర్ల గది. అంటే మూడు టీ చెంచాల నీళ్లు పడతాయి. దానికి ముక్కులోకి ఒకే ఒక్క ద్వారం, సన్నటిది. ఆ ద్వారం గది అడుగున లేదు, పైకప్పుకి దగ్గర్లో ఉంది. మీ డాబా మీది నీళ్ల ట్యాంకుకి అడుగున కొళాయి లేకుండా, పైన ఓవర్‌ఫ్లో గొట్టం ఒక్కటే ఉందనుకోండి. నీళ్లు వాటంతటవి బయటికి రావు కదా. మరి బుగ్గలోంచి తడి బయటికి ఎలా వస్తోంది? మళ్లీ ఆ నూగే. రాత్రీ పగలూ కింది నుంచి పైకి మోసుకుపోయి ఆ ద్వారంలోంచి ముక్కులోకి దింపుతుంది. రొంప పట్టి ద్వారం చుట్టూ వాచిందా, లోపలిది లోపలే నిలిచిపోతుంది. నిలవ నీరు పాచి పట్టడం మనకి తెలియంది కాదు. సైనసైటిస్ కథ ఇంతే. వంగితే బుగ్గ బరువెక్కడం, పచ్చటి చీమిడి, పై పళ్లు నొప్పి.

దశాబ్దాల పాటు సర్జన్లు ఈ గదికి ఏం చేశారో వినండి. అడుగునుంచి నీరు పోవాలంటే అడుగునే బొక్క పెట్టాలి కదా అనుకున్నారు. 1890లలో అమెరికాలో కాల్డ్‌వెల్, ఫ్రాన్స్‌లో లూక్ ఎవరికి వారు ఒకే ఆపరేషన్ కనిపెట్టారు. పై పెదవి ఎత్తి, చిగురు పైన కోసి, ఎముక తొలిచి, లోపలి పొర గీకేసి, కింద కొత్త దారి పెట్టడం. తర్కం చూస్తే తప్పు పట్టలేం. అయినా చాలామందికి చీము తగ్గేది కాదు. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరంలో మెస్సర్‌క్లింగర్ అనే ఆయన లోపల నూగు ఎటు మోస్తోందో ఓపిగ్గా గమనించాడు. కింద ఎంత పెద్ద బొక్క ఉన్నా నూగు దాని పక్కనుంచి దాటుకుని పోయి, పుట్టుకతో ఉన్న పాత ద్వారానికే తడిని మోస్తోంది! పక్కనే కొత్త దారి ఉందన్న సంగతి దానికి పట్టదు. అంటే సర్జన్ చెయ్యాల్సింది కొత్త తలుపు పెట్టడం కాదు, పాత తలుపుకి అడ్డం ఉన్న వాపునీ, పొలిప్ అనే మెత్తటి కణుతినీ తీసెయ్యడం. ఇవాళ ముక్కు రంధ్రంలోంచే 4 మిల్లీమీటర్ల ఎండోస్కోపు పెట్టి, బయట ఎక్కడా కొయ్యకుండా చేస్తున్న ఆపరేషన్ ఈ గమనింపు మీదే నిలబడి ఉంది. నా వృత్తిలో ఇంతకన్నా అందమైన సంగతి నాకు కనపడలేదు. పుండుని చూడ్డం మానేసి, ఒళ్లు తనంతట తాను ఏం చేస్తోందో చూశాడాయన.

ఒకవైపే దుర్వాసనతో చీము కారుతుంటే మాత్రం ముందు పళ్లు చూపించుకోండి. పై దవడ పళ్ల వేళ్లు బుగ్గ గది నేలని తాకుతూ ఉంటాయి. పుచ్చు అక్కణ్నించి పైకి పాకుతుంది. చిన్నపిల్లల్లో ఒకవైపే కంపు వస్తే పళ్లు కాదు, శనగగింజో, పూసో, పలకబలపం ముక్కో ముక్కులో ఉందన్నమాట. బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ అయితే రేపటిదాకా ఆగకండి, ఆ రాత్రికే తీసుకురండి. కొన్ని గంటల్లో దూలాన్ని కాల్చి కన్నం పెట్టేస్తుంది.

కళ్ల మధ్య అరలకీ కంటికీ నడుమ ఉన్న ఎముక ఎంత పలచనంటే, పుర్రెని దీపానికి ఎదురుగా పెడితే వెలుతురు అవతలికి కనిపిస్తుంది. 2021లో కోవిడ్ తర్వాత షుగర్ పెరిగినవాళ్లకి బ్లాక్ ఫంగస్ వచ్చింది గుర్తుందా? ముక్కులో మొదలై సైనస్‌లు దాటి కంటిలోకి పాకింది ఈ పలచటి గోడ దాటే. షుగర్ ఉన్నవాళ్లకి ముఖం ఒకవైపు మొద్దుబారినా, కన్ను వాచినా, ముక్కులోంచి నల్లటి పక్కు వచ్చినా, "సైనస్సేలే" అని ఇంట్లో ఆవిరి పట్టుకుంటూ కూర్చోకూడదు.

ఇప్పుడు పైకప్పు. మెదడు దారి చెప్తానన్నాను కదా. ముక్కు పైకప్పులో జల్లెడ కన్నాలున్న చిన్న ఎముక ఉంది. వాసన నరాలు ఆ కన్నాల్లోంచి దిగి, కొద్ది చదరపు సెంటీమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. మామూలుగా పీల్చే గాలిలో కొద్దిభాగమే అంత ఎత్తుకి పోతుంది. అందుకే వాసన చూడాలంటే ఎగబీలుస్తాం.

మన గంజాం జిల్లాకి ఈ విషయంలో పేరుంది. ఛత్రపురం, చికిటి వైపు మొగలి పొదలు. ఒడియాలో కియా అంటారు. వానాకాలంలో తెల్లారగట్ల మగ పువ్వులు కోసి, రాగి డేగిసాల్లో ఉడికించి ఆవిరిని అత్తరుగానో, కేవడా నీళ్లుగానో పడతారు. మన బామ్మలు ఆ రేకులే జడలో పెట్టుకునేవారు. ఆ భట్టీ దగ్గరికి కొత్తగా వెళ్తే వాసన తల తిరిగేంత. అక్కడ పనిచేసేవాళ్లని అడిగితే "ఏ వాసనండీ?" అంటారు. ఒకే వాసన ఎడతెగకుండా తగిలితే నరం దాన్ని చెప్పడం మానేస్తుంది. బయటికెళ్లి టీ తాగి వస్తే మళ్లీ తెలుస్తుంది. మన ముక్కులో దాదాపు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. వీటి జన్యువుల్ని 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకి 2004లో నోబెల్ వచ్చింది. ఎండుమిరపకాయలు వేయించినప్పుడు వచ్చే కోరు మాత్రం ఈ నరం పని కాదు. అది ముఖానికి నొప్పి తెలిపే నరం. అందుకే కోవిడ్‌లో వాసన పోయినవాళ్లు కూడా పోపు ఘాటుకి తుమ్మారు. రుచి కూడా పోయిందన్నారు చూశారా, వాళ్లలో చాలామందికి ఉప్పూ పులుపూ తెలుస్తూనే ఉన్నాయి. పోయింది నోట్లోంచి వెనక దారిన ముక్కుకి ఎక్కే వాసన. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా దానిదే.

పైకప్పులో కన్నాలున్నాయి కాబట్టే ఒక జాగ్రత్త. ముక్కు ఉప్పునీళ్లతో కడుక్కోవడం మంచిదే. కొళాయి నీళ్లతో, చెరువు నీళ్లతో మాత్రం వద్దు. కాచి చల్లార్చినవే వాడండి. కేరళలో 2024లో చెరువుల్లో స్నానం చేసిన పిల్లలు కొందరు చనిపోయారని పేపర్లో చదివే ఉంటారు. నీళ్లలోని ఒక అమీబా ఆ జల్లెడ దారినే మెదడుకి ఎక్కుతుంది. చాలా అరుదు. కాని వస్తే బతకడం కష్టం.

ఇంక అంగిలి గురించి ఒక్క ముక్క. శ్రీకాకుళం నుంచి మన గంజాం తీరందాకా పల్లెల్లో ఆడవాళ్లు అడ్డపొగ తాగడం మీకు తెలిసిందే. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుంటారు. బూడిద కూడా రాలనివ్వరు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా మొదలైనవాళ్లు ఆంధ్ర పల్లెల్లో 10,169 మంది నోళ్లు చూసి అచ్చువేశారు. మామూలుగా పొగతాగేవాళ్లకి అంగిలి క్యాన్సర్ అరుదు. వీళ్లకి మచ్చలు, పుళ్లు, క్యాన్సర్ అన్నీ ఆ గట్టి అంగిలి మీదే. ఇందాక మీ నాలుకతో తాకారే, అక్కడే. అది తినేస్తే ముక్కూ నోరూ ఒకటైపోతాయి, తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది. అత్తగారికో అమ్మకో ఆ అలవాటుంటే నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూడండి. అద్దంలో వాళ్లకి అది కనపడదు.

ముక్కు వెనకాల, గొంతు పై అంతస్తులో రెండు సంగతులున్నాయి. ఒకటి, అక్కడ చెవినుంచి వచ్చే గొట్టం తెరుచుకుంటుంది. రెండు, పిల్లల్లో అడినాయిడ్ అనే కండ ఉంటుంది, బడికి పోయే తొలి ఏళ్లలో పెద్దదై, పదిహేనేళ్లకల్లా చాలావరకు కరిగిపోతుంది. అది మరీ పెరిగితే ముక్కు దారీ మూస్తుంది, చెవి గొట్టమూ మూస్తుంది. నోరు తెరుచుకుని పడుకుని గురకపెట్టే పిల్లాడు, పిలిస్తే పలకని పిల్లాడు, "చదువు మీద ధ్యాస లేదు" అని మాస్టారి చేత తిట్లు తినే పిల్లాడు ఒకడే కావచ్చు. చెవి వెనక జిగురు చేరి వినపడదు వాడికి. కొట్టేముందు ఒకసారి చూపించండి. టాన్సిల్స్ మాత్రం ప్రతి జ్వరానికీ తీసెయ్యమనకండి. ఏడాదిలో 7 సార్లు గొంతు వాచిందా, రెండేళ్లపాటు ఏడాదికి 5 సార్లా, మూడేళ్లపాటు ఏడాదికి 3 సార్లా అని లెక్కచూస్తాం మేం.

కింది అంతస్తులో గాలి దారి, అన్నం దారి ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ముక్కు వెనక నుంచి వచ్చిన గాలి ముందున్న శ్వాసనాళంలోకి పోవాలి, ముందున్న నోట్లోంచి వచ్చిన అన్నం వెనకున్న అన్నవాహికలోకి పోవాలి. గుటక వేసిన ప్రతిసారీ మెత్తటి అంగిలి లేచి ముక్కుని మూస్తుంది, స్వరపేటిక పైకి లేస్తుంది, దాని మూత వాలుతుంది, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. గొంతు ముందు వేలు పెట్టి గుటక వెయ్యండి, లేవడం తెలుస్తుంది. తింటూ నవ్వినా, మాట్లాడినా ఈ వరస తప్పుతుంది, పొలమారుతుంది.

ఆ స్వరపేటిక లోపల తంత్రులు కదలడాన్ని బతికున్న మనిషిలో విడమరిచి చూసింది డాక్టరు కాదండీ, సంగీతం మాస్టారు. మాన్యుయెల్ గార్సియా, స్పెయిన్ మనిషి, లండన్‌లో పాట నేర్పేవాడు. 1854లో పంటి డాక్టర్లు వాడే చిన్న అద్దం నోట్లో పెట్టుకుని, చేతి అద్దంతో ఎండని లోపలికి కొట్టి, తన తంత్రులు తనే చూసుకున్నాడు. మరుసటేడు లండన్ రాయల్ సొసైటీకి వివరం పంపాడు. మా విద్య మొదలైందే అలా. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే, ముఖ్యంగా పొగాకు, గుట్కా, గుడాకు అలవాటున్నవాళ్లు, మిరియాల కషాయంతో కాలం గడపకుండా వచ్చి ఆ తంత్రుల్ని చూపించుకోండి. ఇప్పుడు ఎండ అక్కర్లేదు, రెండు నిమిషాల పని.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మహిళ: "పొలమారితే నెత్తి మీద తడతాం కదండీ, ఎవరో తలుచుకుంటున్నారని. అది మంచిదేనా?")

తలుచుకున్నవాళ్లకి మంచిదే. (నవ్వులు.) నెత్తి మీద తట్టినందువల్ల గొంతులో ఉన్నది కదలదమ్మా. మనిషి దగ్గుతున్నాడంటే గాలి ఆడుతోంది. దగ్గనివ్వండి, నీళ్లు పొయ్యకండి, వేళ్లు నోట్లో పెట్టి కెలకకండి. దగ్గూ మాటా రెండూ ఆగిపోయి, గొంతు పట్టుకుని కళ్లు తేలేస్తే అప్పుడు మీ పని. ముందుకి వంచి, రెండు రెక్కల మధ్య వీపు మీద అరచేతి మణికట్టు వైపుతో అయిదు దెబ్బలు గట్టిగా కొట్టండి. రాకపోతే వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకి కొంచెం పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ అయిదుసార్లు గుంజండి. వచ్చేదాకా మార్చి మార్చి చెయ్యండి, ఒకరు 108కి ఫోన్ చెయ్యండి.

(అదే మహిళ: "పసిపిల్లలకైతే?")

ఏడాది లోపు పిల్లలకి పొట్ట నొక్కకూడదు. బోర్లా ముంజేతి మీద పడుకోబెట్టి, తల కిందికి ఉంచి, వీపు మీద అయిదు. తర్వాత వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద అయిదు నొక్కులు. ఇలా రండమ్మా, ఆ పాప బొమ్మ ఇటు ఇవ్వండి, చేసి చూపిస్తాను. మిగతావాళ్లు కూడా దగ్గరికి రండి, దూరంనుంచి కనపడదు.